ఆఖరి కిలోమీటరు మంచు

ఆ ఫిబ్రవరిలో టామరాక్ బెండ్‌లో మంచు కోసం ప్రార్థన జరగని చర్చి లేదు. మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సుకి దగ్గర్లో ఉన్న ఆ చిన్న ఊళ్ళో మామూలుగా నవంబరులో పడిన మంచు ఏప్రిల్ దాకా కదలదు. కిటికీల సగం వరకూ పేరుకుంటుంది. అలాంటిది 1983లో చలికాలం రాలేదు. జనవరి అంతా వానే. అడవిలో స్కీ దారి పొడవునా నల్లటి బురద, కుళ్ళిన ఆకులు. కొద్దిరోజుల్లో ఆ బురద మీదే పద్దెనిమిది దేశాల క్రీడాకారులు స్కీ పందెం పరుగెత్తాలి.

ఊరి జనాభా మూడు వేలు. పందేలు చూడటానికి వస్తారని లెక్కేసింది పన్నెండు వేల మంది. ఊళ్ళో రెండే మోటెళ్ళు, రెండిట్లో కలిపి నూరు గదులు కూడా లేవు. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ అతిథుల్ని పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. పిల్లల్ని సోఫాల మీదికి మార్చి మంచాలు ఖాళీ చేశారు, బేస్‌మెంట్లలో పరుపులు వేశారు. బడికి వారం రోజులు సెలవిచ్చి, వ్యాయామశాలని వంటశాల చేశారు. విలేకరుల కోసం ఊరి లైబ్రరీలో కొత్త టెలిఫోన్ లైన్లు వేయించారు. అంత ఏర్పాటులో లేనిదల్లా మంచే.

దీనంతటికీ మూలపురుషుడు వాల్టర్ నీమి. ఆయన తాత ఫిన్లండ్ నుంచి ఇనప గనిలో పనికి వచ్చాడు. తండ్రీ, ఆయనా అదే గనిలో చేశారు. వాల్టర్ ఫోర్‌మన్‌గా ఉండగా గని మూసేశారు. ఊళ్ళో సగం మందికి పని పోయింది. వయసులో ఉన్నవాళ్ళు టెక్సస్ వైపు వెళ్ళిపోయారు. 1980లో లేక్ ప్లాసిడ్ అనే చిన్న ఊరు ఒలింపిక్స్ జరిపింది కదా, మనం ఒక్క ప్రపంచ స్థాయి స్కీ పందెం జరపలేమా అని వాల్టర్ పట్టుపట్టాడు. సూటు అరువు తెచ్చుకుని యూరప్ వెళ్ళి అంతర్జాతీయ స్కీ సమాఖ్య వాళ్ళని ఒప్పించి వచ్చాడు. ఈ పందెం బాగా జరిగితే ఇక్కడ శాశ్వత శిక్షణ కేంద్రం పెట్టే ఆలోచన ఉందని వాళ్ళు అన్నారు. ఊరు ఊరంతా ఆ మాటని పట్టుకుని వేలాడుతోంది.

లేక్ ప్లాసిడ్ నుంచి వాల్టర్ ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాడు. ఆ ఏడు అక్కడ కూడా మంచు సరిగా పడలేదు. ఒలింపిక్స్‌లో మొదటిసారి యంత్రాలతో తయారుచేసిన మంచు వాడింది అక్కడే. అందుకని ముందు జాగ్రత్తగా వాల్టర్ మంచు చిమ్మే స్నో గన్‌లు కొన్ని తెప్పించాడు. వాటిని నడపడానికి ఒక ఇంజనీరుని పెట్టుకున్నాడు. ఆ ఇంజనీరు పేరు ఆమోసు.

ఆమోసుది బాపట్ల. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి కాకినాడలో రొయ్యల కోల్డ్ స్టోరేజీలో పనిచేశాడు. తరవాత అమెరికా వచ్చి డెట్రాయిట్‌లో ఒక కార్ల కంపెనీలో ఏసీల విభాగంలో చేరాడు. పక్కనే ఉన్న ట్రాయ్‌లో చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. భార్య ప్రేమజ్యోతి ఆస్పత్రిలో నర్సు. పిల్లలు లేరు. 1982 మొదట్లో కంపెనీ వాళ్ళ విభాగం మొత్తాన్ని తీసేసింది. ఆ ఏడు డెట్రాయిట్ చుట్టుపక్కల ఎవర్ని కదిపినా అదే కథ.

మొదట్లో ఆమోసు రోజూ టై కట్టుకుని ఉద్యోగాల వేటకి వెళ్ళేవాడు. వేసవి వచ్చేసరికి టై మానేశాడు. సెప్టెంబరుకి గడ్డం గీసుకోవడం మానేశాడు. తెలుగువాళ్ళు పది కుటుంబాలు కలిసి ఒకరి బేస్‌మెంట్‌లో ఆదివారం ఆరాధన జరుపుకునేవారు. ప్రతి ఆదివారం చివర్లో పెద్దాయన ఒకాయన ఆమోసు ఉద్యోగం కోసం పేరుపెట్టి ప్రార్థించేవాడు. అందరూ ఆమెన్ అనేవారు. ఆ ఆమెన్ వినడం ఆమోసుకి దుర్భరమైపోయింది. ఒక ఆదివారం కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోయాడు. ఆ తరవాత వెళ్ళలేదు. ప్రేమజ్యోతి ఒక్కతే వెళ్ళివచ్చేది. ఏమీ అనేది కాదు. అనకపోవడమే అతనికి ఎక్కువ బరువుగా ఉండేది.

అతనితోపాటే ఉద్యోగం పోయిన సహోద్యోగి ఒకడిది టామరాక్ బెండ్. అతను చెప్పడంతో వాల్టర్ ఫోన్ చేశాడు. కోల్డ్ స్టోరేజీలో పనిచేశానంటే చాలు, మిగతాది వచ్చాక నేర్చుకోవచ్చు అన్నాడు. నవంబరులో ఆమోసు కారేసుకుని బయల్దేరాడు. వాకిట్లో నిలబడి ప్రేమజ్యోతి, అక్కడ చర్చి ఉంటే వెళ్తారా అని మాత్రం అడిగింది. చూస్తానన్నాడు.

అతనికి బస ఐలీ అనే ముసలావిడ ఇంటి మేడమీద ఇచ్చారు. ఆమె భర్త టోయివో గని కార్మికుడు. దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై, కింది గదిలో ఆక్సిజన్ సిలిండరు పక్కన మంచం మీదే ఉండేవాడు. ఆమోసు పొద్దున్న పనికి వెళ్ళేముందు ఆయన గుమ్మం దగ్గర ఆగి, ఇవాళ ఎలా ఉంటుంది అని అడిగేవాడు. ముసలాయన కిటికీలోంచి ఆకాశం చూసి తల అడ్డంగా ఊపేవాడు. జనవరి అంతా ఆ తల అడ్డంగానే ఊగింది.

స్నో గన్ పని చూడ్డానికి తేలిక. ఒక గొట్టంలోంచి నీళ్ళు, ఇంకో గొట్టంలోంచి ఒత్తిడితో గాలి వచ్చి మూతి దగ్గర కలుస్తాయి. నీళ్ళు తుంపరలై పైకి లేచి, కిందపడేలోపు గడ్డకట్టి మంచవుతాయి. కాకపోతే బయట చలి ఉండాలి, ఆ చలిలో తేమ ఉండకూడదు. రెండూ లేకపోతే గన్ తోటకి నీళ్ళు పెట్టే గొట్టం కింద లెక్క. ఆమోసు లెక్కలు వేసుకున్నాడు. పందెం దారి చుట్టుకొలత ఐదు కిలోమీటర్లు. దాని వెడల్పునా మోకాలి లోతున మంచు పరవాలంటే పది వేల ఘనపు మీటర్ల మంచు కావాలి. దానికి నలభై ఐదు లక్షల లీటర్ల నీళ్ళు కావాలి. ఉన్న గన్‌లన్నీ ఆగకుండా నడిస్తే ముప్ఫై గంటల పని. అంటే ముప్ఫై గంటలు వరసగా గట్టి చలి ఉండాలి. జనవరిలో వరసగా మూడు గంటలు కూడా దొరకలేదు.

వాల్టర్ నిద్ర మానేశాడు. కొండ నీడ లోయల్లో మిగిలిన పాత మంచుని పారలతో తవ్వించి లారీల్లో తెప్పించాడు. బడిపిల్లలు, గని పెన్షనర్లు, చర్చి ఆడవాళ్ళు బకెట్లతో మోశారు. దాన్ని దారి మీద పరిచిన మర్నాడే వాన వచ్చి కడిగేసింది. ఆ సాయంత్రం వాల్టర్ పంపు షెడ్డులోకి వచ్చి తడిసిన టోపీతో అలాగే కూర్చున్నాడు. జర్మనీ, నార్వే జట్లు అప్పటికే బయల్దేరాయని, ఇప్పుడు రావద్దని చెబితే ఈ ఊరి పేరు మళ్ళీ ఎవరూ ఎత్తరని అన్నాడు. ఆమోసు ఫ్లాస్కులో కాఫీ ఉంటే పోసిచ్చాడు.

పందెం వారం వచ్చింది. జట్లు దిగాయి. ఇళ్ళన్నీ నిండిపోయాయి. బేస్‌మెంట్లలో పడుకున్న అతిథుల కోసం ఊళ్ళో ఉన్న ఎలక్ట్రిక్ హీటర్లన్నీ బయటికి వచ్చాయి. ప్రేమజ్యోతి సెలవు పెట్టుకుని బస్సులో వచ్చింది. నర్సులు కావాలని నిర్వాహకులు అడిగితే, పందెం మొదలై ముగిసే స్టేడియం పక్కన వేసిన ప్రథమ చికిత్స గుడారంలో పనిచేస్తానని పేరిచ్చింది. మూడు నెలల తరవాత భర్తని చూసి మొదట ఆమె అన్నమాట, గడ్డం గీసుకుంటున్నారే అని. మేడమీద గదిలో ఆమోసు ఆమెకి శిక్షణ కేంద్రం సంగతి చెప్పాడు. అది వస్తే ఏడాది పొడవునా ఉద్యోగం తనకేనని వాల్టర్ మాటిచ్చాడు.

"మంచు పడకపోతే?" అంది ప్రేమజ్యోతి.

"పడకపోయినా చేస్తాను. ఒక్కరోజు చలి ఇస్తే చాలు, చేసేస్తాను జ్యోతీ. ఇది కూడా పోతే మళ్ళీ ఆ ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

గురువారం తెల్లవారుజామున చలి వచ్చింది. ఉత్తరపుగాలి పొడిగా, కోసేస్తున్నట్టు వీచింది. టోయివో గుమ్మం దగ్గర ఆమోసు ఆగకముందే, ముసలాయన పడుకునే ఒక చెయ్యి పైకెత్తి పో పొమ్మని ఊపాడు. పొద్దెక్కేసరికి గన్‌లన్నీ మొదలయ్యాయి. కంప్రెసర్ల హోరుకి పక్కవాడి మాట వినబడలేదు. దారి పొడవునా తెల్లటి ధూళి లేచి పడుతుంటే ఊరివాళ్ళు కంచె దగ్గర చేరి చప్పట్లు కొట్టారు. వాతావరణ కేంద్రం వాళ్ళు మాత్రం ఈ చలి రెండు రోజులే, శనివారం సాయంత్రానికి మళ్ళీ వాన అన్నారు. పందెం శనివారం పొద్దున్న. సమాఖ్య పరిశీలకుడు శుక్రవారం సాయంత్రం నాలుగింటికి దారంతా నడిచి చూసి, సరే అంటేనే పందెం.

శుక్రవారం పొద్దున్నకి మూడు కిలోమీటర్ల పైన పూర్తయింది. అప్పుడు గన్‌లకి నీళ్ళిస్తున్న చెరువు మోసం చేసింది. నీళ్ళు తోడేకొద్దీ మట్టం దిగి, పంపు బురద లాగడం మొదలుపెట్టింది. గన్‌ల మూతులు పూడుకుపోయాయి. ఆమోసు పంపు ఆపించాడు.

ఇక మిగిలిన నీళ్ళు ఊరివే. కొండమీద ఊరి మంచినీళ్ళ ట్యాంకు ఉంది. స్కీ దారి పక్కనుంచే దాని పైపు ఊళ్ళోకి దిగుతుంది. వాల్టర్ పరుగున వెళ్ళి ఊరి కౌన్సిల్ పెద్దల్ని కూడగట్టి అనుమతి తెచ్చాడు. ఒకటే షరతు. పంపు షెడ్డులో ట్యాంకు మట్టం చూపించే పలక మీద ఎర్రగీత ఒకటి ఉంది. దాని కింద ఉన్న నీళ్ళు మంటలు ఆర్పడానికి దాచుకున్నవి. గీత దాకా వాడుకోవచ్చు, దాటకూడదు. మనుషులు కలిసి ఆ పైపు మీద మంటలార్పడానికి పెట్టిన కుళాయికి, హైడ్రెంట్‌కి, గొట్టం బిగించారు. ఆమోసు వాల్వు తిప్పాడు. గన్‌లు మళ్ళీ లేచాయి.

మధ్యాహ్నానికి నాలుగు కిలోమీటర్లు అయ్యాయి. మిగిలిన ఒక్క కిలోమీటరు అడవిలోంచి స్టేడియంలోకి వచ్చే దారి. అది లేకపోతే వెనక ఉన్న నాలుగూ ఉన్నా లేనట్టే. అక్కడ చచ్చిన గడ్డి మీద పలచగా ఒక పొర మాత్రం పడింది. అప్పటికి పలక మీద ముల్లు ఎర్రగీతని తాకింది.

ఆమోసు వాల్వు మీద చెయ్యి వేసేసరికి వాల్టర్ షెడ్డు గుమ్మంలో ఉన్నాడు. గీత వచ్చేసిందని ఆమోసు చెప్పాడు. వాల్టర్ ముల్లు వైపు చూడలేదు. ఆమోసు ముఖంలోకే చూశాడు.

"రెండు గంటలు, ఆమోస్. ఇక్కడ మోకాలి లోతు లేకపోయినా సరే, జానెడు చాలు. ఈ ఊళ్ళో నిప్పు అంటుకుని నాలుగేళ్ళయింది. ఇంకో రెండు గంటలు అంటుకోదు."

"కౌన్సిల్ వాళ్ళకి మాటిచ్చాం కదా."

"మాటిచ్చింది నేను. నువ్వు కాదు." వాల్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మా అబ్బాయిలిద్దరూ హ్యూస్టన్‌లో ఉన్నారు. కేంద్రం వస్తే తిరిగొస్తామన్నారు. నిన్ను బతిమాలుకుంటున్నాను."

ఆమోసు అతన్ని చూశాడు. ఆ ముఖంలో అతనికి వాల్టర్ ఒక్కడే కనిపించలేదు. ట్రాయ్‌లో తన హాలు, టీవీ, పన్నెండింటికి కూడా తెరవని కర్టెన్లు కనిపించాయి. వాల్వు మీంచి చెయ్యి తీసేశాడు. సరే, రెండు గంటలు అన్నాడు. వాల్టర్ అతని భుజం గట్టిగా నొక్కి, పరిశీలకుడికి ఎదురు వెళ్ళాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత ఆమోసు పలకవైపు చూడలేదు. కాసేపు బయటికి వెళ్ళి గన్‌ల దిశ సరిచేసి వచ్చాడు. గడ్డి కనబడటం మానేసింది. ఇంకో గంటన్నర ఇలా నడిస్తే చాలు. చలికి మీసాల మీద ఊపిరి గడ్డకట్టింది. అయినా లోపల ఏదో వెచ్చగా ఉంది. ఏడాది తరవాత మొదటిసారి, అయిపోతుంది అనే మాట అతని నోట్లోకి వచ్చింది.

అప్పుడు ఊళ్ళో సైరన్ మోగింది.

మొదట అది పరిశీలకుడి రాకకి సూచనేమో అనుకున్నాడు. సైరన్ ఆగలేదు. గన్‌ల దగ్గర నిలబడ్డ కుర్రాళ్ళంతా ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో వాళ్ళే. వాళ్ళు చేతిలో ఉన్నది వదిలేసి కార్ల వైపు పరుగెత్తారు. చెట్ల మీదుగా ఊరి వైపు నల్లటి పొగ లేచింది. షెడ్డులో ఫోన్ మోగింది. అవతల ఎవరో అరుస్తున్నారు. హైడ్రెంట్ తిప్పితే పిల్లకాలువ అంత నీళ్ళు కూడా రావడం లేదు, పైన మీరు లాగుతున్నారా, లాగుతుంటే మీకు దణ్ణం పెడతాను, ఆపండి. ఏ వీధో చెప్పలేదు. ఫోన్ పెట్టేశారు.

ఆమోసు రిసీవర్ ఇంకా చేతిలో ఉండగానే వాల్టర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. స్టేడియం దగ్గర్నుంచి పొగ చూసి వచ్చాడు. వెనకనే పరిశీలకుడి కారు దిగువ మలుపులో ఉంది.

"ఆపకు," అన్నాడు వాల్టర్. "పక్క ఊరికి ఫోన్ చేశాను. వాళ్ళ నీళ్ళ లారీ అరగంటలో వస్తుంది. అరగంట ఆగు."

ఆపితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. పైపులన్నీ నేలమీద పరిచినవి. నీళ్ళు పారుతున్నంతసేపే అవి గడ్డకట్టవు. ఆపిన కాసేపట్లోనే రబ్బరు గొట్టాలు కర్రల్లా బిగుసుకుపోతాయి. పల్లపు చోట్లలో మూతలు తీసి నీళ్ళు వదలాలంటే పది మంది మనుషులు కావాలి. ఆ పది మందీ మంటల దగ్గరికి వెళ్ళారు. ఒకసారి ఆపితే ఈ పందేనికి మళ్ళీ మంచు తయారవదు.

"చెక్క ఇళ్ళు, వాల్టర్," అన్నాడు ఆమోసు. "ఈ గాలిలో అరగంట అంటే వీధి మిగలదు."

"ఆమోస్."

ఆమోసు వాల్వు తిప్పాడు. చలికి బిగుసుకుని అది కదల్లేదు. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి తిప్పాడు. వాల్టర్ అడ్డం రాలేదు, సాయం పట్టలేదు. గన్‌లు ఒకటొకటిగా దగ్గి ఊరుకున్నాయి. తెల్లటి ధూళి కిందికి దిగిపోయింది. అంతసేపూ హోరులో ఉన్న చెవులకి ఆ నిశ్శబ్దం భరించరానిదిగా తోచింది. వాల్టర్ షెడ్డు గోడకి ఆనుకుని మెల్లగా నేలమీద కూర్చున్నాడు.

ఆమోసు అక్కడ నిలబడలేదు. దారి పొడవునా పరుగెత్తి చేతికందిన మూతలు తీశాడు. రెండో మూడో వచ్చాయి. నాలుగోది రాలేదు. సుత్తితో కొట్టాడు. చేతి తొడుగు చిరిగి, చర్మం లోహానికి అతుక్కుని ఊడింది. అప్పటికి గొట్టాలు బిగిశాయి. అతను సుత్తి అక్కడే పడేసి, కారు తీసుకుని పొగ వైపు వెళ్ళాడు.

పొగ వస్తున్నది ఐలీ వీధిలోంచి. ఐలీ పక్కింట్లో తొమ్మిది మంది అతిథులున్నారు. బేస్‌మెంట్‌లో ఒకే ప్లగ్గుకి మూడు హీటర్లు పెట్టారు. అక్కడ మొదలైంది. ఆ ఇల్లు కప్పు దాకా కాలిపోతోంది. పగటిపూట కావడంతో అతిథులంతా బయట ఉన్నారు. గాలికి నిప్పురవ్వలు ఐలీ ఇంటి మీద పడి, పక్కగోడ అంటుకుంది. అగ్నిమాపక దళం వాళ్ళ గొట్టంలో అప్పుడే నీళ్ళు బలంగా కొడుతున్నాయి. అవి ఐలీ గోడ మీద పడి ఆవిరి లేస్తోంది.

గుంపులో అతను ప్రేమజ్యోతిని వెతకలేదు. ఆమె స్టేడియం దగ్గర గుడారంలో ఉందనుకున్నాడు. ఐలీ రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడి, అతన్ని చూసి ఇంటివైపు వేలు చూపించింది. అంతలో ముందు తలుపులోంచి ఇద్దరు మనుషులు ఒక పరుపుని ఈడ్చుకుంటూ బయటికి వచ్చారు. పరుపు మీద టోయివో ఉన్నాడు. ముందువైపు పట్టుకున్నది అగ్నిమాపక దళం మనిషి. వెనకవైపు పట్టుకున్నది ప్రేమజ్యోతి. ముఖం నిండా మసి. తలకి తడి తువ్వాలు కట్టుకుంది.

మధ్యాహ్నం ముసలాయనకి సిలిండరు మార్చాలని ఆమె ఇంటికి వచ్చింది. పక్కింటి మంట చూసి ముందు సిలిండర్లు రెండూ దొర్లించి మంచులేని పెరట్లో పడేసింది. తరవాత మనిషిని కదల్చలేకపోయింది. పొగ నిండిన గదిలో, కిటికీ అద్దం పగలగొట్టి, ఆయన ముఖం మీద తడిగుడ్డ వేసి పక్కన కూర్చుంది. గోడకి మంట అంటుకోవడం ఆమెకి లోపలినుంచి వినబడింది. బయట గొట్టం పట్టుకున్నవాళ్ళు నీళ్ళు లేవు, నీళ్ళు లేవు అని అరవడం కూడా వినబడింది. కొంతసేపటికి గోడ మీద నీళ్ళు ధన్‌మని పడ్డాయి. ఆ తరవాతే ఒక మనిషి లోపలికి రాగలిగాడు.

ఇదంతా ఆమె తరవాత ఎప్పుడో చెప్పింది. అప్పుడు మాత్రం టోయివో నాడి చూస్తూ, తలెత్తకుండా, "దుప్పట్లు తీసుకురండి" అంది. అతను తెచ్చాడు. అతని చేతులు చూసి, ఏమైంది అని అడిగింది. చల్లటి ఇనుము పట్టుకున్నానన్నాడు.

పక్కిల్లు పూర్తిగా పోయింది. ఐలీ ఇంటికి ఒక గోడ, కింది గదులు పోయాయి. నీళ్ళ లారీ వాల్టర్ అన్నట్టే అరగంటకి వచ్చింది. టోయివోని ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

పరిశీలకుడు చెప్పిన వేళకే దారంతా నడిచాడు. మర్యాదస్తుడు. నాలుగు కిలోమీటర్లు చూసి, ఇంత చెడ్డ చలికాలంలో ఇంత మంచి దారి చూడలేదన్నాడట. ఆఖరి కిలోమీటరు దగ్గర ఆగి బూటుతో నేలని తన్నాడు. పలచటి పొర కింద గడ్డి తేలింది. వాల్టర్ భుజం మీద చెయ్యి వేసి క్షమించమన్నాడు. ఆ సాయంత్రమే లైబ్రరీలో విలేకరులు ఆ కొత్త ఫోన్లలోంచి రద్దు వార్త పంపారు. శనివారం జట్లు సామాన్లు సర్దుకున్నాయి. వ్యాయామశాలలో వేల మందికి చేసిన రొట్టెలు చర్చిలకి పంచారు. చెప్పినట్టే సాయంత్రానికి వాన వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం బడిలో ఊరంతా సమావేశమైంది. ఆమోసుని వెళ్ళవద్దని ప్రేమజ్యోతి అనలేదు. తనూ వచ్చి వెనక వరసలో పక్కన కూర్చుంది. జనం గొంతుల్లో కోపం కన్నా దుఃఖమే ఎక్కువ ఉంది. కొందరు గన్‌లు ఎందుకు ఆపారు అని అడిగారు. కొందరు ఎర్రగీత దాటి ఎందుకు నడిపారు అని అడిగారు. ఒకావిడ లేచి, ఆ ఇండియన్ తన భార్య కోసం ఆపాడు, మా పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించలేదు అంది. వాల్వు తిప్పిన క్షణంలో ప్రేమజ్యోతి మంటల దగ్గరుందని ఆమోసుకి తెలియదు. ఆ మాట చెప్పాలని లేచాడు కూడా. లేచాక, తెలిసుంటే ఏం చేసేవాడినో తనకే తెలియదనిపించి, వేరే మాట చెప్పాడు.

"గీత దాటి నడిపింది నేను. వాల్వు నా చేతిలో ఉంది."

ముందు వరసలో వాల్టర్ లేచాడు. రెండు రోజుల్లో పదేళ్ళు పైబడినట్టున్నాడు.

"నడపమన్నది నేను," అన్నాడు. "ఆపవద్దన్నది కూడా నేనే. అతను నా మాట రెండోసారి వినలేదు. వినుంటే ఇవాళ మనం ఇక్కడ కాదు, శ్మశానంలో ఉండేవాళ్ళం."

కుర్చీలు జరిగిన చప్పుడు, తలుపు తెరిచిన చప్పుడు వినిపించాయి. జనం ఇద్దరు ముగ్గురుగా వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకరిద్దరు ఆమోసు పక్కనుంచి వెళ్తూ తల పంకించారు. మిగతావాళ్ళు చూడకుండా వెళ్ళారు.

ఇంక జీతం లేకపోయినా ఆమోసు ఆ వారమంతా ఉండిపోయాడు. ఐలీ ఇల్లు ఉండటానికి పనికిరాదు కాబట్టి భార్యాభర్తలు చర్చి బేస్‌మెంట్‌లో పడుకున్నారు. పొద్దున్నే వెళ్ళి పగిలిన పైపులు విప్పేవాడు. రెండో రోజు నుంచి వాల్టర్ కూడా వచ్చాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని వానలో పైపులు మోసి లారీలో వేసేవారు. అవసరానికి మించి మాట్లాడుకోలేదు. శిక్షణ కేంద్రం ఇంక రాదని మాత్రం వాల్టర్ ఒకసారి చెప్పాడు. హ్యూస్టన్‌కి ఫోన్ చేశారా అని ఆమోసు అడిగాడు. చేశానన్నాడు. అబ్బాయిలు ఏమన్నారో చెప్పలేదు.

బయల్దేరేముందు ఆస్పత్రికి వెళ్ళారు. టోయివో మాట్లాడే స్థితిలో లేడు. ప్రేమజ్యోతి దిండు సరిచేసింది. ఐలీ ఆమెని కావలించుకుని చాలాసేపు వదల్లేదు. ఆ వసంతంలోనే ముసలాయన పోయాడని, నిద్రలో, సొంత మంచం మీద పోయాడని తరవాత ఐలీ ఫోన్ చేసి చెప్పింది. ఇంటి గోడ మళ్ళీ కట్టించినవాళ్ళు గని పెన్షనర్లట. వాల్టర్ మేస్త్రీగా నిలబడ్డాడట.

ట్రాయ్‌కి తిరుగు ప్రయాణంలో ఆమోసు డ్రైవ్ చెయ్యలేకపోయాడు, పైపులు మోసి మోసి కట్ల కింద చేతులు మళ్ళీ పచ్చిపుండయ్యాయి. ప్రేమజ్యోతి నడిపింది. దారిలో చాలా దూరం అడవే. చాలాసేపటికి అతను, ఇంటికి వెళ్ళాక మళ్ళీ మొదటికే వచ్చినట్టు కదా అన్నాడు.

"తెలియదండీ," అంది ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఆ గదిలో కూర్చున్నప్పుడు నేను ప్రార్థన చెయ్యడం మర్చిపోయాను. మీరు పైన ఆపేస్తారు, ఆపేస్తారు అనుకుంటూ కూర్చున్నాను. అంతే."

అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. అద్దం మీద వాన కారుతోంది. చాలా దూరం వెళ్ళాక అతను ఏడవడం మొదలుపెట్టాడు. ఆమె కారు ఆపలేదు. వైపర్లు వేగంగా పెట్టి అలాగే నడిపింది.

అతనికి ఉద్యోగం దొరకడానికి ఇంకో ఏడాది పట్టింది. జార్జియాలో, కోళ్ళ మాంసం గడ్డకట్టించే ఫ్యాక్టరీలో. ఆ ఏడాదంతా అతను ప్రతి ఆదివారం ఆరాధనకి వెళ్ళాడు. పెద్దాయన తన పేరు పెట్టి ప్రార్థించినప్పుడు, తలవంచుకుని అందరితోపాటు ఆమెన్ అన్నాడు.